మొండితాడి దిబ్బ మీద బట్టీ

కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, కాలు పెడితే మోకాలిదాకా దిగిపోయే బురదలో, ఒక మడ అడవి ఉంది. అక్కడ రోజుకి రెండుసార్లు పోటు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఆ అడవిలో బలమంతా అడవిపంది అంకయ్యది. నోరంతా బావురుపిల్లి పేరంటాలుది. తెలివంతా నక్క పానకాలుది. అని పానకాలే చెప్పుకునేవాడు.

వీళ్ళందరికీ పెద్దదిక్కు సముద్రపు తాబేలు నాంచారమ్మ. కాపురం సముద్రంలోనే అయినా ఏటా మాఘమాసంలో గుడ్లు పెట్టడానికి ఆ ఇసక ఒడ్డుకే వచ్చేది. యాభై ఏళ్ళలో ఒక్క ఏడాదీ తప్పలేదు. ఎన్నో తీరాలు చూసిన మనిషి, సారీ, ఎన్నో తీరాలు చూసిన తాబేలు కనక ఆమె మాటంటే అందరికీ గురి.

ఆ ఏడు ఆమె వచ్చేసరికి అడవి అడవిలా లేదు. సముద్రం వైపు ముందు వరసలో ఉండాల్సిన మడచెట్లు మొదళ్ళతో సహా పోయాయి. వాటి చోట నల్లటి మసి మిగిలింది. నిరుడు అవతలి ఒడ్డు నుంచి ఒక బట్టీ మేస్త్రి, నలుగురు కూలీలు పడవేసుకుని వచ్చి, ఆ చెట్లన్నీ నరికి, కొంత బొగ్గు చేసి అమ్ముకున్నారు, మిగతా కర్ర ఎండబెట్టారు. లోపలి చెట్ల మీదా వాళ్ళ కన్ను పడింది కానీ, అడుగు పెట్టగానే అంకయ్య మంద తరిమింది, తేనెటీగలు ముసిరాయి. దాంతో ఒడ్డునే గుడిసె వేసుకుని, దిక్కులు చూస్తూ కూర్చున్నారు.

ఆ గుడిసె వెనక చేప తలకాయలు నాకుతూ మేస్త్రికి దొరికాడు పానకాలు.

"ఏరా నక్కా! లోపలున్న ఆ పందుల్నీ ఈగల్నీ ఖాళీ చేయించగలవా? రోజూ గంపెడు తలకాయలు నీవి" అన్నాడు మేస్త్రి.

పానకాలు మూతి తుడుచుకున్నాడు. "కొట్టి ఖాళీ చేయించడం నావల్ల కాదు మేస్త్రిగారూ. చెప్పి ఖాళీ చేయిస్తాను."

"ఏం చెబుతావు?"

"మీ ఊసే ఎత్తను. అంతా సూర్యుడి మీదకి తోసేస్తాను."

మర్నాడు పొద్దున్నే ఇసక ఒడ్డున పంచాయితీ పెట్టించాడు పానకాలు. అందరూ వచ్చారు. రాక ఏం చేస్తారు? అప్పటికి అడవిలో సుఖంగా ఉన్నవాళ్ళు లేరు. తాగే గుంటలన్నీ ఉప్పుబారిపోయాయి. ఆ నీళ్ళు తాగి అంకయ్య కడసారి పిల్ల నాలుగు రోజుల కిందటే చచ్చిపోయింది. దాని తల్లి ఇంకా గుంట దగ్గరే పడుకుని ఉంది, లేవమంటే లేవడం లేదు.

పానకాలు గొంతు సవరించుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా! మన కష్టం మీకు నేను చెప్పాలా? ఎండ చూశారుగా. సూర్యుడికి వయసు మళ్ళి చాదస్తం ముదిరింది. ఒక తరం కాస్తాడు, ఒక తరం చల్లబడతాడు. మా తాతల నాడూ ఇంతే. వానల్లేక ఊటలు ఎండాయి, అడుగున ఉప్పు తేలింది. సూర్యుడితో ఎవడు పోట్లాడతాడు? పడమటి కొండలకి పోదాం పదండి. అక్కడ చల్లగా ఉంటుంది. దారి నాకు తెలుసు."

అంకయ్య తలెత్తాడు. పిల్ల పోయినప్పటి నుంచి అతను సరిగ్గా మాట్లాడింది లేదు. "ఊట ఉప్పు కాదురా పానకాలూ. అది సముద్రపు నీళ్ళ ఉప్పు. నేను రుచి చూశాను. ముందు వరస చెట్లు నరికాకే పోటు మన గుంటల్లోకి వచ్చింది."

"అయ్యో మావా! పిల్ల పోయిన దుఃఖంలో అలాగే అనిపిస్తుంది" అని పానకాలు కళ్ళు ఒత్తుకున్నాడు. "చెట్లకీ పోటుకీ ఏమిటి సంబంధం? పొగ వల్లే ఎండ పెరిగిందంటారు కొందరు, పొగకీ ఎండకీ ఏమిటి సంబంధం? సముద్రం మా తాతల నాడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. ఒక్క జానెడు కదిలితే నా చెవి కోసుకోండి."

"కదలకపోతే నీ బొరియ మూడుసార్లు ఎందుకు మార్చావు బావా?" అంది పేరంటాలు. "మొదట పాయ పక్కన ఉండేది. తరవాత గట్టు కిందకి వచ్చింది. ఇప్పుడు గట్టు మీదకి ఎక్కింది."

"మా ఆవిడకి చెమ్మగాలి పడదు."

ఒడ్డున నవ్వులు లేచాయి. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. మెడ సాచి నెమ్మదిగా అంది:

"పానకాలూ, నా సంగతి చెబుతాను విను. నా గుడ్లు నేను పొదగను, ఇసక పొదుగుతుంది. ఇసక చల్లగా ఉంటే మగపిల్లలు, వేడిగా ఉంటే ఆడపిల్లలు. నా చిన్నప్పుడు సగానికి సగం ఉండేవాళ్ళు. ఇప్పుడు అందరూ ఆడపిల్లలే. సముద్రమంతా గాలించినా నా మనవరాళ్ళకి మొగుళ్ళు దొరకడం లేదు."

"వేడెక్కలేదని నేనన్నానా పెద్దమ్మా? ఎవరు వేడెక్కించారన్నదే మాట. నీ మనవరాళ్ళ పెళ్ళి ఎండకి సాక్ష్యం, పొగకి కాదు."

మాట సూటిగా ఉంది. జంతువులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పానకాలు తోక కాస్త పైకి లేచింది.

"నిజమే" అంది నాంచారమ్మ. "అయితే రెండో సాక్షిని పిలుద్దాం. చిట్టెమ్మా, ఇలా రావే."

ఎండుటాకు కింద నుంచి ముసలి కీచురాయి ఒకటి బయటికి వచ్చింది. ఇంత మంది ఎదుట మాట్లాడటం దానికి అదే మొదలు.

"మా జాతికి పాటే లెక్కండి" అంది. "చలిగా ఉంటే నెమ్మదిగా పాడతాం, వేడిగా ఉంటే గబగబా పాడతాం. అది మా చేతిలో లేదు, ఒంట్లో ఉంది. ఒక అల వచ్చి వెనక్కి పోయేలోగా ఎన్నిసార్లు కూశామో మా అమ్మమ్మలు పిల్లలకి అప్పజెప్పి పోతారు. పగటి లెక్క పెరిగిందండి, కాదనను. కానీ దానికంటే రాత్రి లెక్క ఎక్కువ పెరిగింది. ఎండాకాలం లెక్క కంటే చలికాలం లెక్క ఎక్కువ పెరిగింది."

"చలికాలమా! మొన్న వారం నా తోక గడ్డకట్టింది" అన్నాడు పానకాలు.

"ఒక వారం కూతతో పాట తేలదండి. మేం ముప్పై తరాల నుంచి కూస్తున్నాం."

నాంచారమ్మ పానకాలు వైపు తిరిగింది. "సూర్యుడే ఎక్కువ కాస్తుంటే పగలు కదా ఎక్కువ వేడెక్కాలి? సూర్యుడు రాత్రిపూట కూడా కాస్తాడా పానకాలూ?"

పానకాలు తోక కిందకి దిగింది.

"రాత్రి వేడెక్కుతోందంటే పొయ్యి పెద్దదైందని కాదు, ఎవరో దుప్పటి కప్పారని. దుప్పటి కప్పుకున్నవాడి ఒంట్లో వేడి బయటికి పోదు. భూమికీ అంతే. కంటికి కనబడే పొగ వానకి కడుక్కుపోతుంది. దాంతోపాటు కనబడనిది ఒకటి లేస్తుంది. అది పోదు. పైకెళ్ళి పరుచుకుని తరాల తరబడి కూర్చుంటుంది. కొంత సముద్రంలో కలుస్తుంది. నేను రోజూ మింగే నీళ్ళు, నాకు తెలుసు. నీళ్ళు పులుస్తున్నాయి, నత్తగుల్లలు పలచబడుతున్నాయి. సూర్యుడు సముద్రాన్ని పులియబెట్టడం ఎక్కడైనా విన్నావా?"

"ఎక్కడ బట్టీ! ఎక్కడ ఆకాశం!" అని పానకాలు విరగబడి నవ్వబోయాడు. "ఒక్క బట్టీ పొగ ఆకాశానికి దుప్పటి అవుతుందా?"

"ఒక్కటేనా? నేను ఈదిన ప్రతి తీరంలోనూ పొగగొట్టాలు ఉన్నాయి. మా అమ్మమ్మ ఈదిన రోజుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళట. ఇప్పుడు నేను లెక్కపెట్టడం మానేశాను. మంచుకొండలు దాటి వచ్చే బాతుల్ని అడుగు. దారిలో ఏటా ఆగే మంచుగడ్డ ఇప్పుడు చెరువైందని చెబుతాయి. మనుషులు తవ్వి కాల్చేదీ, నరికి కాల్చేదీ అంతా ఆ దుప్పటిలోకే పోతోంది."

"బాతుల మాట నమ్ముతావా పెద్దమ్మా? తిండికి ఊళ్ళు పట్టుకు తిరిగే జాతి!"

"చేప తలకాయల వాసన నీ మూతి మీద నుంచి వస్తోంది బావా" అంది పేరంటాలు.

పానకాలు గతుక్కుమన్నాడు. అయినా నక్క నక్కే. చటుక్కున గొంతు పెంచాడు.

"సాక్ష్యాలు, సాక్ష్యాలు! ఒకరు కూస్తారు, ఒకరు గుడ్లు పెడతారు. మీరిలా కూర్చుని లెక్కలు కట్టండి, దాహంతో ఇంకో పిల్ల చస్తుంది. అప్పుడు అంకయ్య మావకి ఏం చెబుతారు?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. దుప్పులు కదిలాయి. నీటికుక్కలు గుసగుసలాడాయి. "నక్క చెప్పేదీ నిజమే, ప్రాణం కంటే ఎక్కువా?" అని ఎవరో అన్నారు. నాంచారమ్మ చూసింది. పానకాలు ఇంకొక్క మాట మాట్లాడితే సగం అడవి పడమటి దారి పట్టేలా ఉంది.

"సరే" అంది. "పానకాలు మాటే వినండి. పోదాం."

అంకయ్య దిగ్గున లేచాడు. "పెద్దమ్మా!"

"ఆగరా. ఒక్కటే షరతు. పానకాలూ, సముద్రం కదల్లేదన్నావు. మొండితాడి దిబ్బ దాకా పోటు ఎప్పుడైనా వచ్చిందా?"

పాయ సముద్రంలో కలిసే మొగకి దగ్గరలో తల విరిగిన పాత తాడిచెట్టు మొద్దు ఒకటి ఉంది. అదున్న దిబ్బే మొండితాడి దిబ్బ. "మా ముత్తాత కాలం నుంచీ రాలేదు" అన్నాడు పానకాలు.

"ఇక ముందు?"

"ఎలా వస్తుంది, సముద్రం కదలనప్పుడు?"

"అయితే మీ మేస్త్రితో కొత్త బట్టీ ఆ దిబ్బ మీదే పెట్టించు. నాలుగు రోజుల్లో మాఘ పున్నమి. పున్నమి పోటు తీసేదాకా బట్టీలో నిప్పు ఆరకపోతే సముద్రం కదల్లేదని ఒప్పుకుంటాం. నువ్వు చూపిన కొండకి పిల్లాజెల్లాతో వెళ్ళిపోతాం. నీ మాట నువ్వే నమ్మకపోతే మేమెలా నమ్ముతాం?"

పానకాలు లోపల లెక్క వేసుకున్నాడు. నిరుటి పున్నమికి నీళ్ళు దిబ్బకి రెండు బారల దూరంలో ఆగడం అతను కళ్ళారా చూశాడు. అందుకే కదా బొరియ మార్చాడు! రెండు బారలు ఒక్క ఏడాదిలో ఎక్కడికి పోతాయి? పైగా దిబ్బ లోపలి అడవిని ఆనుకునే ఉంది, మేస్త్రికి కర్రల మోత తగ్గుతుంది. ఇందరి ముందూ కాదంటే తన మాట తనే నమ్మనట్టు అవుతుంది.

"దానికేం, పెట్టిస్తాను" అన్నాడు.

అందరూ వెళ్ళాక అంకయ్య ఒక్కడే మిగిలాడు. "పెద్దమ్మా, నీకు మతి పోయిందా? నీళ్ళు రాకపోతే? నా ఇల్లు పందెంలో పెట్టావు."

"నా గుడ్లూ ఈ ఇసకలోనే ఉన్నాయిరా."

"వస్తాయని ఖాయంగా చెప్పు."

నాంచారమ్మ సముద్రం వైపు తిరిగింది. "ఎంత ఎక్కుతాయో వేలు పెట్టి చూపించలేను. ఎక్కుతాయని మాత్రం చెప్పగలను. నిరుడు ముందు వరస చెట్లున్నప్పుడే రెండు బారల దూరానికి వచ్చాయి. ఇప్పుడు ఆపడానికి చెట్టు లేదు. రెండు రోజుల నుంచి తూర్పు గాలి పడుతోంది. యాభై మాఘాలు చూశాను అంకయ్యా. ఊహించి చెప్పడం లేదు, చూసి చెబుతున్నాను."

అంకయ్య గుంట దగ్గరికి వెళ్ళి, పిల్ల తల్లి పక్కన కూర్చున్నాడు.

దిబ్బ దాకా నీళ్ళు రావు, పున్నమి దాటితే అడవి ఖాళీ అని పానకాలు చెప్పగానే మేస్త్రి ఎగిరి గంతేశాడు. కూలీలు అప్పటిదాకా నరికి ఎండబెట్టిన కర్రంతా దిబ్బ మీదకి చేర్చారు. మొండితాడి పక్కనే పేర్చి, పైన గడ్డి పరిచి, మట్టి మెత్తి, పున్నమికి ముందురోజు నిప్పు పెట్టారు. బట్టీ నెమ్మదిగా కుమలడం మొదలుపెట్టింది. పానకాలు మొండితాడి మీద కాలు వేసి, "చూశారా! ఎంత పొడిగా ఉందో!" అని అడవికి వినబడేలా అరిచాడు. ఆ సాయంత్రం గంపెడు తలకాయలు తిని బట్టీ వెచ్చదనంలో పడుకున్నాడు.

పున్నమి నాటి పొద్దున, సూర్యుడు బారెడు ఎక్కాక, పోటు మొదలైంది.

జంతువులన్నీ గట్టు మీద చేరాయి. నీళ్ళు పాయ నిండాయి. పాయ దాటి, చెట్లు నరికిన మసి నేల మీదకి వచ్చాయి. ఇంతకుముందైతే అక్కడ మడచెట్ల వేళ్ళు నీళ్ళ కాళ్ళకి అడ్డం పడేవి. ఇప్పుడు పలక మీద ఒలికినట్టు జారుకుంటూ వచ్చాయి. దిబ్బకి నాలుగు బారలు. మూడు. నిరుడు ఆగిన చోటికి వచ్చి, అక్కడ ఆగాయి.

అంకయ్య కళ్ళు మూసుకున్నాడు.

"అయిపోయింది! పోటు తీస్తోంది! మూటలు కట్టుకోండి!" అని దిబ్బ మీద నుంచి పానకాలు గెంతులేశాడు.

అప్పుడు తూర్పు నుంచి గాలి ఒక్క ఊపు ఊపింది. ఆగిన నీళ్ళు కదిలాయి. తొందరేం లేదన్నట్టు, ఇల్లు తెలిసిన చుట్టం వచ్చినట్టు దిబ్బ ఎక్కాయి. మొదటి అల బట్టీ అంచు తడిపింది. రెండోది మట్టిని నాకింది. మూడోది లోపలికి పోయింది.

బుస్సుమని ఆవిరి లేచింది. మెత్తిన మట్టి పగిలి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. కర్రలు ఒరిగాయి. ఎర్రగా కుములుతున్న బొగ్గంతా కుయ్యోమంటూ నల్లబడి నీళ్ళపాలైంది.

"పడవ! పడవ!" అని మేస్త్రి కేకలు. కూలీలు నడుంలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ పడవ అందుకున్నారు. మేస్త్రి పడవెక్కి వెనక్కి తిరిగి, "నీళ్ళు రావన్నావు కదరా దొంగ నక్కా! నీ మాట నమ్మి ఏడాది కష్టం సముద్రంలో పోశాను!" అని తెడ్డు ఝళిపించాడు.

"మేస్త్రిగారూ, నన్నూ ఎక్కించుకోండి!"

పడవ ఆగలేదు. లోపలి పాయలోకి తిరుగుదామా అని మేస్త్రి ఒకసారి చూశాడు. అక్కడ అంకయ్య మంద వరసకట్టి నిలబడింది. వాటి తల మీద తేనెటీగలు మబ్బులా ఉన్నాయి. ఒక్క పంది కూడా అడుగు ముందుకు వెయ్యలేదు, ఒక్కటీ వెనక్కి పోలేదు. మేస్త్రి పడవ ముక్కు అవతలి ఒడ్డుకి తిప్పించాడు.

దిబ్బ మీద పానకాలు ఒక్కడే మిగిలాడు. కాళ్ళ కింద నేల పోయేసరికి మొండితాడి ఎక్కి, నాలుగు కాళ్ళూ దగ్గరకి పెట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ నీళ్ళే.

"మావా! అంకయ్య మావా! మునిగిపోతున్నాను!"

"ఎందులో?" అన్నాడు అంకయ్య గట్టు మీద నుంచి.

"నీళ్ళలో!"

"నీళ్ళెక్కడివి? సముద్రం కదల్లేదుగా. నడిచి వచ్చెయ్."

గట్టంతా గొల్లుమంది. అంకయ్య మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళకి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ మాట నాలుగు రోజుల కిందట ఒప్పుకుని ఉంటే ఇందరి ముందు నా దుఃఖాన్ని పిచ్చి అనేవాడివి కాదు" అన్నాడు.

నాంచారమ్మ ఈదుకుంటూ మొండితాడి దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నీ వీపు మీద ఎక్కించుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ముందు అందరికీ వినబడేలా చెప్పు. నీకు తెలియక చెప్పావా, తెలిసి చెప్పావా?"

పానకాలు నీళ్ళ వంక చూశాడు. అవి తోక దాకా వచ్చాయి.

"తెలిసే చెప్పాను!" అని అరిచాడు. "నీళ్ళు ఎక్కుతున్నాయని నా బొరియకి తెలుసు. బట్టీ పాపం బట్టీదేనని నాకు తెలుసు. సూర్యుడికి నోరు లేదు కదా అని అతని మీదకి తోశాను. చేప తలకాయల కోసం!"

నాంచారమ్మ వీపు ఒగ్గింది.

ఒడ్డు చేరగానే పందులు చుట్టుముట్టాయి. "తరిమెయ్యి పెద్దమ్మా, కొండలకి దారి తెలుసన్నాడుగా" అంది పేరంటాలు.

"తరిమితే ఇంకో పాయకి పోయి ఇదే పాట పాడతాడు. ఇక్కడే ఉంటాడు. మడకాయలు ఏరి, మసి నేలలో నాటుతాడు. ముందు వరసంతా."

మర్నాటి నుంచి పానకాలు నోట మడకాయ కరుచుకుని బురదలో దిగాడు. ఒక పక్క అంకయ్య ముట్టెతో గుంట తీసేవాడు, ఇంకో పక్క పీతలు మట్టి సర్దేవి. పిల్ల పోయిన తల్లిపంది కూడా మూడో రోజున గుంట దగ్గర నుంచి లేచి వచ్చి వరసలో నిలబడింది. మిగతావాళ్ళు జరిగి ఆమెకి చోటిచ్చారు.

గుడ్లు పెట్టడం ముగించి నాంచారమ్మ సముద్రంలోకి బయలుదేరే రోజున, పానకాలు నడుంలోతు బురదలో నిలబడి రొప్పుతూ అడిగాడు.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ప్రతి తీరంలోనూ పొగగొట్టాలున్నాయని నువ్వే అన్నావు, వెయ్యైనా ఉంటాయి. ఒక్క బట్టీ ఆరిపోతే ఏమైంది? ఇంతోటి దానికి ఈ మొక్కలెందుకు?"

నాంచారమ్మ అలలోకి దిగి తల తిప్పి చూసింది.

"వెయ్యిలో ఒకటి తగ్గింది. ఇంకా తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఉన్నాయి. పక్క తీరానికి ఆ మాట చెప్పడానికే పోతున్నాను. నువ్వు మాట్లాడక నాటు."

నీతి: సాక్షుల నోరు నొక్కగలవేమో గానీ, వచ్చే పోటుని నొక్కలేవు.